ఉద్దానము తోటలు – కడలి కడుపులోని వేడి

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదందురు. ఆ పేరు నిలిపిన చెట్లే కూలినవి.

8వ తేదీన వాయుగుండముగా నున్నది 10వ తేదీ మధ్యాహ్నమునకు అతి తీవ్ర తుపానైనది. అంతటి బలము దాని కెట్లు వచ్చినది? గాలిని మాత్రమే చూచువారికి సమాధానము దొరకదు, సముద్రములోనికి చూడవలెను.

తుపానునకు ఆహారము కడలినీటి వేడిమి. సామాన్యముగా పైనీరు 26 డిగ్రీలకు మించి వెచ్చగా నుండవలెను. కాని పెనుగాలి కడలిని చిలుకగా అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చును. తుపాను తన పొయ్యిలో తానే నీళ్లు పోసికొన్నట్లగును. బంగాళాఖాతమున ఇది తరచు పూర్తిగా సాగదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వానకాలపు నీటిని తెచ్చి పోయును. ఉప్పునీటికంటె తేలికయైన ఆ మంచినీరు పైన పొరగా నిలుచును. వానలు వెనుకబట్టిన పిమ్మట తీరప్రవాహము దక్షిణముఖమై, దానిని ఒడిశా, ఆంధ్ర తీరముల వెంట నడపును. ఆ పొర మూతవలె నుండుటచే అడుగు చల్లదనము పైకి రాజాలదు. 2013లో గోపాల్‌పూర్‌ను ఫైలిన్, 2014లో విశాఖను హుద్‌హుద్ తాకినదియు అక్టోబరు 12వ తేదీననే.

ఇక భూతాపము. భూమిపై పెరిగిన అదనపు వేడిమిలో నూటికి తొంబది పాళ్లు సముద్రములే ఇముడ్చుకొన్నవి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కిన, నూటికి ఏడు పాళ్లు హెచ్చుగా ఆవిరిని మోయగలదు. తిత్లీ ఒక్కదానిని చూపి భూతాపఫలమే యనుట తొందరపాటు. తుపానుల సంఖ్య పెరుగునని శాస్త్రజ్ఞులు నిశ్చయింపలేదు; పుట్టినవానిలో ప్రచండమైనవాని పాలు పెరుగుననియే వారి హెచ్చరిక.

వేగముగా బలపడు తుపాను మనకు మిగుల్చు వ్యవధి స్వల్పము. మనుష్యులు కొన్ని గంటలలో తరలిపోగలరు, చెట్టు తరలలేదు. నాటిన దేశవాళీ కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. అంతవరకు రైతు కుటుంబమున కాధారమేమి? కావున ఒక్క పంటనే నమ్ముకొనక అంతరపంటలు వేయుట, గాలికడ్డముగా తీరమున చెట్లు పెంచుట విలాసములు కావు, బ్రతుకుతెరువులు.

సముద్రమున రెండువేల మీటర్ల లోతునకు మునిగి తేలు యంత్రములు వేడిమిని, ఉప్పదనమును కొలుచుచున్నవి. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రము ఆ వివరములను సేకరించుచున్నది. ఆ జ్ఞానము పల్లెబడికిని చేరవలెను. గాజుగ్లాసులో రంగు కలిపిన ఉప్పునీరు పోసి, దానిపై మెల్లగా మంచినీరు వదలినచో రెండు పొరలు నిలుచును. టెక్కలి, పలాస బాలురకు, బాలికలకు ఉపాధ్యాయులు ఆ గ్లాసును చూపినచో, ఆశ్వయుజమున తమ కడలి ఏల భయంకరమగునో వారికే తెలియును.