పెద్దాయన గుండె చప్పుడుకి ఎకోనే జవాబు

ఇంట్లో డెబ్బై దాటిన తాతయ్య నాలుగు మెట్లెక్కి ఆగిపోతే ఏమంటాం? 'వయసైపోయింది కదా' అంటాం. స్టెతస్కోపు పెట్టి చూసిన డాక్టర్ 'మర్మర్ ఉంది, టూడీ ఎకో తీయించండి' అని రాసిచ్చినా 'ఈ వయసులో ఇవన్నీ ఎందుకు?' అని వాయిదా వేస్తాం. ఆ వయసులోనే అది ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

మర్మర్ అంటే గుండెలో రక్తం సుడులు తిరుగుతున్న చప్పుడు. పెద్దవాళ్లలో దీనికి తరచూ కనిపించే కారణం అయోర్టిక్ వాల్వ్ మీద కాల్షియం పేరుకోవడం. వాల్వ్ కాస్త గట్టిపడితే గమనిస్తూ ఉంటే చాలు. దారి బాగా ఇరుకైపోయి, ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకూడదు. వాల్వ్ మార్చకపోతే దాదాపు సగం మంది రెండేళ్లు దాటడమే కష్టం. చప్పుడు చిన్నదే కదా అని ధీమా వద్దు. గుండె బలహీనపడితే ముదిరిన జబ్బు కూడా మెల్లగానే వినిపిస్తుంది.

ఈ తేడా తేల్చేది ఎకో. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్ అనే డాక్టర్, హెర్ట్జ్ అనే ఫిజిక్స్ పరిశోధకుడు కలిసి లోహాల్లో లోపాలు పట్టే అల్ట్రాసౌండ్ పరికరంతో గుండె కదలికల్ని నమోదు చేశారు. ఇప్పుడు డాప్లర్ రక్తం వేగాన్ని కూడా కొలుస్తుంది. ఆ వేగాన్ని వర్గం చేసి 4తో గుణిస్తే వాల్వ్‌కి అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా వస్తుంది. మనం సెమిస్టర్ పరీక్షకి బట్టీ పట్టిన బెర్నౌలీ సూత్రమే ఇది! వేగం సెకనుకి 4 మీటర్లయితే తేడా 64. అంటే జబ్బు తీవ్రమైనట్టే.

కానీ అల్ట్రాసౌండ్ కిరణానికీ రక్త ప్రవాహానికీ మధ్య కోణం 60 డిగ్రీలు ఉంటే ఆ 4 కాస్తా 2గా, 64 కాస్తా 16గా కనిపిస్తుంది. మెషీన్ ఎంత ఖరీదైనదైనా ప్రోబ్ పట్టుకున్న చెయ్యి ముఖ్యం. ఏఐ స్టెతస్కోపు స్టార్టప్ పెడతామనే ఫ్రెండ్స్‌ని నేను అడిగేది ఒకటే: అనుమానం మీ గాడ్జెట్ పడుతుంది సరే, దాన్ని తేల్చేదెవరు? కోణం తప్పితే హెచ్చరించే సాఫ్ట్‌వేర్ మీద పని చేయండి. బైపీసీ చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కార్డియాక్ టెక్నాలజీ కోర్సు వైపూ ఓ చూపు చూడండి.

ఛాతీ కోయకుండా, తొడ రక్తనాళం గుండా వాల్వ్ అమర్చే పద్ధతి ఇప్పుడుంది. ఖర్చు ఎక్కువే. అది అవసరమో కాదో తెలియాలన్నా ముందు ఎకో ఉండాలి. అందులో సూది గుచ్చరు, రేడియేషన్ ఉండదు. మీరే దగ్గరుండి తీయించండి. రిపోర్టులో వాల్వ్ దగ్గర వేగం ఎంతో రాశారా అని అడగండి.