తెలుగు ఒత్తులు 'ఆప్షనల్' కాదు: లైబ్రరీ లేకపోతే బిల్డ్ ఫెయిల్ అవ్వాల్సిందే

ఒకే కోడ్, ఒకే ఫాంట్. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో ఒక పోస్టర్ మీద 'శ్రీకాళహస్తి' అని రాయించండి. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో చక్కగా వస్తుంది. అదే స్క్రిప్ట్‌ని విండోస్‌లో రన్ చేస్తే చాలాసార్లు 'శ్‌రీకాళహస్‌తి' లాంటిదేదో బయటికొస్తుంది. చిత్తూరు కాస్తా 'చిత్‌తూరు' అవుతుంది, చంద్రగిరి 'చంద్‌రగిరి' అవుతుంది. క్రాష్ ఉండదు, ఎర్రర్ ఉండదు. మన ఊళ్ల పేర్లు మాత్రం ముక్కలైపోతాయి.

ఇట్లాంటప్పుడు అందరూ ముందు ఫాంట్‌ని అనుమానిస్తారు. మండలి తీసేసి ధూర్జటి పెడతారు. శ్రీకాళహస్తి కవి పేరున్న ఫాంట్ పెట్టినా శ్రీకాళహస్తి సరిగ్గా రాదు. ఎందుకంటే సమస్య ఫాంట్‌లో లేదు, డిపెండెన్సీలో ఉంది.

ఫాంట్‌లో అక్షరాల ఆకారాలు, వాటిని కలిపే రూల్స్ ఉంటాయి. ఆ రూల్స్ చదివి, స + ్ + త + ి అన్న నాలుగు కోడ్‌లను 'స్తి'గా మార్చే పని షేపింగ్ ఇంజిన్‌ది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీనే వాడతాయి. పిల్లో అయితే రాక్మ్ అనే లైబ్రరీ ద్వారా హార్ఫ్‌బజ్‌ని పిలుస్తుంది. రాక్మ్‌కి ఇంకో లైబ్రరీ కూడా కావాలి: ఫ్రిబిడి.

అసలు మెలిక ఇక్కడే ఉంది. 2021లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి పిల్లో ఇన్‌స్టాల్ ప్యాకేజీలోనే రాక్మ్ వస్తోంది. కానీ ఫ్రిబిడిని మాత్రం రన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌లో వెతుక్కుంటుంది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో అది మామూలుగా ముందే ఉంటుంది. విండోస్‌లో మనమే డీఎల్ఎల్ తెచ్చి పెట్టాలి. దొరక్కపోతే పిల్లో చప్పుడు చేయకుండా బేసిక్ లేఅవుట్‌కి దిగిపోతుంది. విచిత్రం ఏంటంటే, ఫ్రిబిడి పని ఉర్దూ, అరబిక్ లాంటి కుడి నుంచి ఎడమకి రాసే లిపులను చూసుకోవడం. తెలుగుకి దాంతో నేరుగా పనే లేదు. అయినా అది లేకపోతే మన ఒత్తులు పోతాయి.

ఇది పిల్లో ఒక్కదాని కథ కాదు. ఎస్‌డీఎల్ టీటీఎఫ్‌లో హార్ఫ్‌బజ్ ఒక బిల్డ్ ఆప్షన్. గొడో 4 ఇంజిన్‌ని కూడా సైజు తగ్గించడానికి హార్ఫ్‌బజ్ లేని టెక్స్ట్ సర్వర్‌తో బిల్డ్ చేసుకోవచ్చు. ఇంగ్లిష్ మాత్రమే ఉన్న గేమ్‌కి అది మంచి పొదుపే. తెలుగు చూపించే యాప్‌కి మాత్రం 'ఆప్షనల్' అన్న మాటే ప్రమాదం. సీమేక్‌లో ఫైండ్ ప్యాకేజ్ పక్కన 'రిక్వైర్డ్' అని రాయకపోతే, లైబ్రరీ దొరక్కపోయినా బిల్డ్ ముందుకెళ్లిపోతుంది. దాన్ని టెస్ట్ చేసేవాళ్ల స్క్రీన్ మీద 'హలో వరల్డ్' బాగానే కనిపిస్తుంది. తేడా కనిపెట్టేది తెలుగు చదివే యూజర్ ఒక్కడే.

మరి సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీనే నమ్ముకుంటే? 2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' మధ్యలో కనపడని ఒక నాన్-జాయినర్ కోడ్ ఉంటే చాలు, ఐఫోన్‌లో వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ క్రాష్ అయ్యేవి. లోపం ఆపిల్ కోర్‌టెక్స్ట్‌లో ఉంది. అది సిస్టమ్ లైబ్రరీ కాబట్టి దాన్ని వాడే యాప్‌లన్నీ దెబ్బతిన్నాయి. అయితే ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 రాగానే ఒక్క అప్‌డేట్‌తో అన్నీ బాగయ్యాయి కూడా. 2023 సెప్టెంబర్‌లో లిబ్‌వెబ్‌పీ సెక్యూరిటీ లోపం బయటపడినప్పుడు దీనికి రివర్స్ జరిగింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎలక్ట్రాన్ యాప్‌లు ఎవరి కాపీ వాళ్లు బండిల్ చేసుకున్నాయి కాబట్టి ఎవరి అప్‌డేట్ వాళ్లే ఇవ్వాల్సి వచ్చింది.

రెండు దారులకీ ఖర్చుంది. నా ఓటు మాత్రం బండిల్ చేయడానికే. మనం టెస్ట్ చేసిన వెర్షనే యూజర్ ఫోన్‌లోకి, ల్యాప్‌టాప్‌లోకి వెళ్తుంది. కాకపోతే హార్ఫ్‌బజ్ సోర్స్‌ని ఒక ఫోల్డర్‌లో కాపీ చేసి మర్చిపోవడాన్ని బండిల్ అనకూడదు. వీసీపీకేజీ గానీ కోనన్ గానీ వాడి వెర్షన్ లాక్ చేయండి. కొత్త వెర్షన్ వస్తే గుర్తుచేసే బాట్ పెట్టుకోండి. 'రిక్వైర్డ్' రాయండి. పైథాన్ అయితే ప్రోగ్రామ్ మొదట్లోనే పిల్లో ఫీచర్స్ మాడ్యూల్‌తో రాక్మ్ ఉందో లేదో అడిగి, లేకపోతే అక్కడే ఆపేయండి.

చివరిగా, గిట్‌హబ్ యాక్షన్స్‌లో విండోస్, మ్యాక్, ఉబుంటు మూడూ దొరుకుతాయి. మూడింట్లోనూ 'శ్రీకాళహస్తి' బొమ్మగా గీయించి, సరైన బొమ్మతో పోల్చే టెస్ట్ ఒకటి రాయండి. ఒక సాయంత్రం పని. దీనివల్ల బిల్డ్ ఎర్రగా మారి మీ డెడ్‌లైన్ ఒక రోజు జరిగితే జరగనివ్వండి. విరిగిన ఒత్తులతో యాప్ రిలీజ్ అయితే, తెలుగు యూజర్ దాన్ని బగ్ అనుకోడు. 'తెలుగులో ఇంతేలే' అనుకుని లాంగ్వేజ్ సెట్టింగ్‌ని ఇంగ్లిష్‌కి మార్చేసుకుంటాడు. ఆ నష్టం ఏ క్రాష్ రిపోర్ట్‌లోనూ కనిపించదు.