పాట పెంచే ముందు తురుపులు లెక్కపెట్టండి

రమ్మీలో ఓడితే "ముక్కలు పడలేదు" అనేస్తాం. డూప్లికేట్ బ్రిడ్జ్‌లో ఆ సాకు కుదరదు. ప్రతి టేబుల్‌కీ అవే ముక్కలు, తేడా వచ్చేది మన నిర్ణయాల్లోనే.

ఎదుటి జోడీ కూడా పాటలోకి దిగాక పాయింట్ల లెక్క ఒక్కటే చాలదని నా వాదన. ఫ్రాన్స్‌కి చెందిన వెర్న్ 1960ల్లో చెప్పిన సూత్రం సింపుల్: రెండు జోడీల తురుపులు కలిపి ఎన్నో, ఇద్దరికీ వచ్చే ట్రిక్కులు కలిపి దాదాపు అన్నే. అందుకే మీ జోడీకి 9 తురుపులుంటే మూడో లెవెల్ దాకా, 10 ఉంటే నాలుగు దాకా వెళ్లొచ్చు.

ఓడినా లాభమేంటి అంటారా? వాళ్లు నాలుగు ఆటీన్లు గెలిస్తే వాళ్లకి 420. మీరు నాలుగు ఇస్పేట్లు పాడి, డబుల్ తిని, రెండు ట్రిక్కులు తగ్గితే పోయేది 300. మీరొక్కరే వల్నరబుల్ అయితే మాత్రం అదే 500, నష్టం. అంటే ఇది దమ్ము కాదు, ఇఫ్ కండిషన్.

చేతిలో ఉన్నదంతా ఒకసారి పాడేశాక ఊపులో మళ్లీ పెంచకండి. పార్ట్‌నర్ అడగకపోతే పాస్ చెప్పండి. చివరి గెస్ ఎదుటివాళ్లకి వదిలేయడం పిరికితనం కాదు, మంచి ఆట.