అక్కడైతే కల్చర్, ఇక్కడైతే బిద్అత్?

డిసెంబర్ వస్తే మనలో కాస్త డబ్బున్న భాయీలకు టర్కీ సఫర్ గుర్తొస్తుంది. 17న కొన్యాలో మౌలానా రూమీ ఉర్సు, షబె అరూస్. టికెట్ కొని, హాల్లో దర్వేషుల సమా చూసి, సుబ్‌హానల్లాహ్ అంటూ వీడియో పెడతారు. వెళ్ళండి, ముబారక్!

కానీ మొహర్రంలో మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో పీర్లు లేస్తే అదే భాయీకి బిద్అత్ కనిపిస్తుంది. పీరెత్తిన దూదేకుల చాచా, గుండం చుట్టూ చిందేసే హిందూ అన్నదమ్ములు జాహిళ్ళయిపోతారు.

అఖీదా మీద బహస్ చేద్దాం, సరే. తరాజు మాత్రం ఒకటే ఉండాలి.

1925లో టర్కీ సర్కారు దర్వేషుల ఖాన్‌ఖాలకు తాళాలేసింది. ఇప్పుడు ఆ సమానే టూరిస్టులకు చూపిస్తోంది. మన పీర్లచావిడికి టికెట్ లేదు, హుసేన్ పేరు మీద ఊరే కదిలొస్తుంది. దానికి మనమే తాళమేస్తే, రేపు ఆ ఊరు మన గడప ఎందుకు తొక్కుతుంది? పిల్లలకు ముందు ఆ చావిడి చూపించండి. పాస్‌పోర్టు తర్వాత.