చాంద్ రాత్ బజార్లో బుల్‌పెన్ దొరకదు



డిసెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే బహస్. మేముండేది డెన్వర్ పక్కన, అరోరాలో. బేస్‌బాల్ సీజన్ ముగిసి మంచు పడగానే, మా దగ్గరే ఉండి చదువుకుంటున్న భాంజా ఫోన్ చేతబట్టుకుని కూర్చుంటాడు. "మామూ, ఈసారైనా మనవాళ్లు పెద్ద పేరున్న రిలీవర్లను కొనాలి. ఖజానా తలుపులు తెరవకుండా మ్యాచ్‌లు ఎలా గెలుస్తారు?" అంటాడు. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న సగంమంది వాడి మాటే సహీ అంటారు. నేనొక్కడినే గలత్ అంటాను. ఎందుకంటానో ఇవాళ మొత్తం హిసాబ్ మీ ముందు పెడతాను. ఫైసలా మీరే చేయండి.

గుంటూరులో కూర్చుని ఇది చదివే మా ఖాలా లాంటివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. బేస్‌బాల్ మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్. మొదలుపెట్టిన పిచర్ ఐదారు ఇన్నింగ్స్ వేసి అలసిపోతాడు. తర్వాత వచ్చి బంతి అందుకునేవాళ్లు రిలీవర్లు. వాళ్ల జట్టునూ, వాళ్లు చేతులు వేడి చేసుకునే చోటునూ బుల్‌పెన్ అంటారు. ఆధిక్యాన్ని కాపాడుతూ ఆఖరి ఇన్నింగ్స్ ముగించేవాడు క్లోజర్. క్రికెట్‌లో చివరి ఓవర్లు వేసే బౌలర్ అనుకోండి. ఆరేళ్ల సర్వీసు పూర్తయి, కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు ఫ్రీ ఏజెంట్. ఇష్టమొచ్చిన టీముతో బేరం కుదుర్చుకునే హక్కు అతనికి ఉంటుంది. ఆ బేరాల మౌసమ్ చలికాలం.

ఇప్పుడు నా దావా వినండి. చలికాలపు బజార్లో మూడేళ్లు, నాలుగేళ్ల కాంట్రాక్టులిచ్చి బుల్‌పెన్ కట్టడం అంటే చాంద్ రాత్ నాడు పత్తర్‌గట్టీకి వెళ్లి ఇంటిల్లిపాదికీ బట్టలు కొనడమే. నెలవంక కనిపించింది, పొద్దున్నే ఈద్, మీకు అవసరమని దుకాణదారుకు తెలుసు. ధర అతను చెబుతాడు, మీరు ఇస్తారు. ఇంటికొచ్చాక షేర్వానీ భుజాల దగ్గర పట్టదు. కాకపోతే షేర్వానీ ఒక్క పూట కష్టం. బుల్‌పెన్ కాంట్రాక్టు మూడేళ్ల కష్టం.

దలీల్ కావాలా? మా ఊరి టీమే దలీల్.

2017లో కొలరాడో రాకీస్ 87 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్ గడప తొక్కింది. ఆ డిసెంబర్‌లో యాజమాన్యం బజారుకు వెళ్లింది. వేడ్ డేవిస్‌కు మూడేళ్లకు 52 మిలియన్ డాలర్లు. బ్రయన్ షాకు మూడేళ్లకు 27 మిలియన్లు. అప్పటిదాకా తమ దగ్గరే ఉన్న జేక్ మగీకి మళ్లీ మూడేళ్లకు 27 మిలియన్లు. మొత్తం 106 మిలియన్లు. 2018లో లీగ్ కనీస జీతం 5,45,000 డాలర్లు. అంటే ముగ్గురు మనుషుల మీద పెట్టిన సొమ్ముతో దాదాపు 194 మంది కొత్త కుర్రాళ్లకు ఏడాది జీతం ఇవ్వొచ్చు.

వేడ్ డేవిస్ మామూలు మనిషి కాదు. 2015 వరల్డ్ సిరీస్‌లో కాన్సాస్ సిటీ తరఫున ఆఖరి ఔట్ తీసిన ఉస్తాద్. 2017లో షికాగో కబ్స్‌కు 33 అవకాశాల్లో 32 సేవ్‌లు చేశాడు. ఊళ్లో అందరూ శభాష్ అన్నారు. నేనూ అన్నాను, అబద్ధమెందుకు.

తర్వాత ఏమైంది? రిలీవర్‌ను కొలిచే తూకం ఈఆర్‌ఏ: తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతని ఖాతాలో పడే పరుగులు. తక్కువైతే మంచిది. 2018లో డేవిస్ 43 సేవ్‌లు చేశాడు, టీము రికార్డు. కానీ ఈఆర్‌ఏ 4.13. షాది 5.93. మగీది 6.49. మరుసటి ఏడాది డేవిస్ ఈఆర్‌ఏ 8.65కు ఎగబాకింది, టీము 91 మ్యాచ్‌లు ఓడింది. 2020 జూలైలో, సీజన్ మొదలవకముందే, మగీనీ షానూ వదిలేశారు. సెప్టెంబర్‌లో డేవిస్‌నూ వదిలేశారు. జీతాలు మాత్రం బాకీ లేకుండా చెల్లించాల్సిందే.

"వాళ్లు పనికిరానివాళ్లు మామూ, నసీబ్ బాగోలేదు" అంటాడు మా వాడు. కాదు బేటా. మగీ మా దగ్గర్నుంచి వెళ్లి అదే నెలలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో చేరాడు. ఆ ఏడాది అతని ఈఆర్‌ఏ 2.66, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ డాడ్జర్స్‌ది. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోకు 31 సేవ్‌లు చేశాడు. షా 2021లో క్లీవ్‌లాండ్ తరఫున 81 మ్యాచ్‌లు ఆడి మళ్లీ భరోసా ఉన్న బౌలర్ అనిపించుకున్నాడు. మనుషుల్లో ఖోట్ లేదు. సౌదాలో ఉంది.

ఆ ఖోట్ ఏమిటో చెబుతాను. రిలీవర్ ఏడాదికి అరవై, డెబ్బై ఇన్నింగ్స్ వేస్తాడు, అంతే. స్టార్టర్ నూట యాభై, నూట ఎనభై వేస్తాడు. అరవై ఇన్నింగ్స్ లెక్కలో రెండు మంచి వారాలు మనిషిని ఉస్తాద్‌ను చేస్తాయి, రెండు చెడ్డ వారాలు నిఖమ్మాను చేస్తాయి. ఇంత చిన్న హిసాబ్ చూసి మూడేళ్ల వాదా రాసివ్వడం అక్లమందీ కాదు. పైగా ఆరేళ్లు పైబడి ఆడి బజారుకొచ్చిన రిలీవర్ సాధారణంగా ముప్పై దాటినవాడు. మీరు డబ్బు కట్టేది నిన్నటి భుజానికి, బంతి వేసేది రేపటి భుజం. దానికి తోడు డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు. ఇక్కడి పలుచని గాలిలో బంతి సరిగ్గా తిరగదు, కొడితే దూరం పోతుంది. కింద ఊళ్లలో పనిచేసిన హునర్ ఇక్కడ సగమే పనిచేస్తుంది.

ఇక అసలు కిస్సా. అదే 2018లో మా బుల్‌పెన్‌ను నిలబెట్టినవాళ్లు ఎవరో తెలుసా? ఆడమ్ ఓటవినో, ఈఆర్‌ఏ 2.43. స్కాట్ ఓబర్గ్, ఈఆర్‌ఏ 2.45. ఓబర్గ్‌ను 2012 డ్రాఫ్ట్‌లో 15వ రౌండ్‌లో తీసుకున్నారు. అంటే చాలా టీములు చాలాసార్లు పక్కనపెట్టిన కుర్రాడు. ఓటవినోను అదే ఏడాది సెయింట్ లూయిస్ వదిలేస్తే రాకీస్ ఏరుకుంది. 2017లో అతను దారి తప్పాడు, ఈఆర్‌ఏ 5 దాటింది. ఆ చలికాలం, మా యాజమాన్యం బజార్లో 106 మిలియన్లు లెక్కపెడుతున్న రోజుల్లో, ఓటవినో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఖాళీగా పడివున్న ఒక దుకాణంలో బంతులు వేస్తూ కూర్చున్నాడు. కెమెరాలు పెట్టుకుని, ఒక్కో బంతీ ఎలా తిరుగుతోందో చూసుకుంటూ, తన పనిని మొదటినుంచి మళ్లీ నేర్చుకున్నాడు. నా దృష్టిలో ఆఫ్‌సీజన్ అంటే అది. ఆ ఏడాది టీముకు దక్కిన అతి పెద్ద ఫాయిదా బజార్లోంచి రాలేదు, ఆ ఖాళీ దుకాణంలోంచి వచ్చింది.

ఇంకో నుఖ్సాన్ కూడా చూడండి. 2018 తర్వాత రెండో బేస్ ఆటగాడు డీజే లమేహ్యూ వెళ్లిపోయాడు. యాంకీస్ అతనికిచ్చింది రెండేళ్లకు 24 మిలియన్లు. 2020లో అతను లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. డేవిస్ జీతం వల్లే అతను పోయాడని నేను ఇల్జామ్ వేయను. కానీ ఒక జేబులో పోసిన సొమ్ము ఇంకో జేబులో ఉండదన్నది ఇల్లు నడిపే ప్రతి అమ్మీకీ తెలిసిన సంగతే.

ఐతరాజ్‌లు నాకు తెలుసు. వాటిని దాచిపెట్టి వాదించడం బేఇమానీ. ఆండ్రూ మిల్లర్ సంగతేమిటంటారు. నిజమే, యాంకీస్ 2014 చివర్లో అతనికి నాలుగేళ్లకు 36 మిలియన్లు ఇచ్చింది. అతను అద్భుతంగా వేశాడు, 2016లో క్లీవ్‌లాండ్‌కు మారాక ఆ లీగ్ ఫైనల్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఒక్కో సౌదా ఫలిస్తుంది. లాటరీ కూడా ఎవరో ఒకరికి తగులుతుంది, అంతమాత్రాన ఇంటి ఖర్చు లాటరీ మీద నడపం కదా.

డాడ్జర్స్ లాంటి దౌలత్ ఉంటే చాలంటారు. 2025కు ముందు వాళ్లు టానర్ స్కాట్‌కు నాలుగేళ్లకు 72 మిలియన్లు ఇచ్చారు. ఆ సీజన్‌లో అతను పది సేవ్‌లు చేజార్చాడు. అయినా వరల్డ్ సిరీస్ గెలిచారు కదా అంటారేమో. ఏడో మ్యాచ్ ఆఖర్లో బంతి ఎవరి చేతిలో ఉందో గుర్తుచేసుకోండి. స్టార్టర్ యమమోతో, ముందురోజే ఆరు ఇన్నింగ్స్ వేసిన మనిషి.

అదే టీము ఆ ఏడాది కర్బీ యేట్స్‌నూ 13 మిలియన్లకు తీసుకుంది. అంతకుముందు ఏడాది టెక్సస్‌లో అతను 4.5 మిలియన్లకే 33 సేవ్‌లు చేశాడు, ఈఆర్‌ఏ 1.17. కొత్త టీములో అది 5 దాటింది. మనిషి ఒక్కడే, ధర మూడింతలకు దగ్గర. అయితే ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది: రెండూ ఏడాది కాంట్రాక్టులే. తప్పు జరిగినా ఒక్క సీజన్‌తో తీరిపోయింది.

నా కోపం ఆటగాళ్ల మీద కాదని సాఫ్‌గా చెబుతున్నాను. కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు ఈ హక్కు కోసం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. 1975 చివర్లో ఒక ఆర్బిట్రేటర్ తీర్పుతో ఆ తలుపు తెరుచుకుంది. ఏళ్ల తరబడి టీము చెప్పిన జీతానికి భుజం అరగదీసుకున్న మనిషి, బజార్లో తన మెహనత్‌కు ధర అడగడం ఇన్సాఫే. పది అడిగితే ఇరవై ఇచ్చి, నాలుగు పేర్లు చూపించి, "మేం పని చేశాం" అని చేతులు దులుపుకునే యాజమాన్యం మీదే నా సవాల్.

మరి ఏం చేయాలి? ఏడాది కాంట్రాక్టుకు ఇద్దరు తజుర్బాకార్లను తెచ్చుకోండి. ఇతరులు వదిలేసినవాళ్లలో ఒక్క బంతైనా గొప్పగా వేసేవాళ్లను ఏరుకోండి. మిగిలిన సొమ్ము తాలీమ్ మీద పెట్టండి: కోచ్‌లు, కెమెరాలు, చిన్న లీగుల్లో పస్తులుండకుండా కుర్రాళ్లకు తిండి. ఒకేచోట ముగ్గురి మీద జూదమాడే బదులు పన్నెండు మందిని తయారుచేయండి. అందులో నలుగురు నిలబడ్డా బుల్‌పెన్ నిలబడుతుంది. దీనికి సబర్ కావాలి. డిసెంబర్‌లో పేపర్లో ఫోటో రాదు.

ఇదంతా విని మా భాంజా కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే మామూ, కానీ ఒక్క క్లోజర్ని కొంటే?" అన్నాడు. ఏడాదికైతే కొనమను బేటా, అన్నాను. చాయ్ మళ్లీ పెట్టారు. బహస్ ఇంకా నడుస్తోంది.

ఖుదా హాఫిజ్.