పొరుగు రాష్ట్రపు క్యాబులు: నేరమెవరిది, శిక్ష ఎవరికి?

సంఘం పని మీద గుంటూరు వెళ్లి, ఒకనాటి తెల్లవారుజామున కాచిగూడ స్టేషనులో దిగినాను. ఫోనులో క్యాబు పిలిచినాను. డ్రైవరు వెంటనే మాట్లాడి, "సార్, స్టాండు వైపు రాలేను. కొంచెం నడిచి మెయిన్ రోడ్డు మీదికి రండి" అన్నాడు. బండిని చూచిన తరువాత కారణం బోధపడినది. దాని పసుపుపచ్చ పలక మీద ఏపీ 39 అని ఉన్నది. స్టాండులోని స్థానిక డ్రైవర్లు చూచినచో నిలదీస్తారని అతని భయం. అతనిది నూజివీడు ప్రాంతం. ఆరేండ్లుగా హైదరాబాదులోనే నివాసం, పిల్లల చదువులు ఇక్కడనే. "వాళ్లది తప్పంటే ఎట్లా సార్, వాళ్లకూ కిస్తీలున్నాయి" అని అతడే అన్నాడు. ఆ మాట విన్న పిమ్మట ఈ విషయమై వ్రాయవలెనని నిశ్చయించుకొన్నాను.

2014 పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం హైదరాబాదు పదేండ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసినది. ఆంధ్ర రవాణా వాహనాలపై తెలంగాణ ప్రభుత్వం 2015 ఏప్రిల్ నుండే పన్ను విధించినప్పటికీ, ఉమ్మడి రాజధాని అను మాట ఆ బండ్లకు కొంత నీడగా ఉండెను. గడువు తీరగానే నీడ తొలగినది. ఇక్కడి బండ్లకే గిరాకీ చాలకున్నప్పుడు పొరుగు బండ్లెందుకని స్థానిక డ్రైవర్లు అడ్డుకొన్నారు. ఆంధ్ర డ్రైవర్లు అదే సంవత్సరం ఆ రాష్ట్ర ఉపముఖ్యమంత్రి ఎదుట మొర పెట్టుకొన్నారు. రెండు వైపులా ఉన్నవారు ఒకే ఫైనాన్సు కంపెనీలకు బాకీదారులు, ఒకే యాప్ కంపెనీలకు సేవకులు. తగవు మాత్రం వారిలో వారికే వచ్చినది.

స్థానిక డ్రైవరు వాదనలో న్యాయం లేకపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 66వ సెక్షను ప్రకారం పర్మిట్టు లేనిదే రవాణా వాహనం నడపరాదు. 88వ సెక్షను ప్రకారం ఒక ప్రాంతపు పర్మిట్టు మరొక ప్రాంతంలో చెల్లవలెనంటే అక్కడి అధికారి ఆమోదం కావలెను. పర్యాటకాభివృద్ధి పేర దేశమంతటా చెల్లు పర్మిట్టు దీనికి మినహాయింపు. 2021 నాటి నియమాలతో దాని జారీ సులభమైనది. 2023 నియమాలు వాటి స్థానంలో వచ్చినవి. తిరుపతి యాత్రకో, అరకు విహారానికో ఉద్దేశించిన ఏర్పాటు అది. అమీర్‌పేట నుండి ఉప్పల్‌కు ఆఫీసు ఉద్యోగిని దింపుట ఏ విధమైన పర్యాటకమో చెప్పగలవారు లేరు. పర్యాటక వాహనం ప్రయాణం సొంత రాష్ట్రంలో ప్రారంభమో, ముగింపో కావలెననియు, బయట రెండు నెలలకు మించి ఉండరాదనియు 1989 కేంద్ర నియమావళి 85వ నియమంలోనే వ్రాసినారు. అనగా ఈ సమస్యను ఊహించని వారెవరూ లేరు.

మరి నూజివీడు డ్రైవరు తన బండిని ఇక్కడికి మార్చుకొనరాదా? పన్నెండు నెలలకు మించి మరొక రాష్ట్రంలో ఉంచిన వాహనానికి కొత్త నంబరు పొందవలెనని 47వ సెక్షను చెప్పుచున్నది. అందుకు సొంత రాష్ట్రపు రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావలెను. అప్పు ఉన్నచో ఫైనాన్సు కంపెనీ అంగీకారం కావలెను. కిస్తీలు బాకీ ఉన్నచో అది రాదు. ఇక్కడి పన్ను మరల కట్టవలెను. ఈ తిరుగుళ్లలో పోయిన ప్రతి రోజు కూలిపోయిన రోజే. చట్టం దారి చూపినది గాని ఆ దారిలో నడుచుటకు అతనికి స్తోమతు లేదు.

ఇక శిక్షల సంగతి. పర్మిట్టులోని మార్గం, ప్రాంతం, ప్రయోజనం అను షరతులను అతిక్రమించినచో 192-ఎ సెక్షను ప్రకారం మొదటి తప్పుకే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు. యాప్ కంపెనీ లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినచో 193వ సెక్షను ప్రకారం 25,000 నుండి లక్ష రూపాయల వరకు జరిమానా. లైసెన్సు పొంది, ముఖ్యమైనదిగా పేర్కొనని షరతును ఉల్లంఘించినచో 5,000 మాత్రమే. కిస్తీ కట్టలేని డ్రైవరుకు పదివేలు, కోట్ల వ్యాపారానికి అయిదువేలు! 2019 సవరణలో ఈ తూకం వేసినవారిని పార్లమెంటులో మన మిత్రులు గట్టిగా ప్రశ్నించి ఉండవలసినది.

అయితే అదే 192-ఎ సెక్షనులో బండిని నడిపినవాడే గాక, నడిపించినవాడు, నడుపనిచ్చినవాడు కూడా ఉన్నాడు. ఏ బండి ఏ వీధిలో ఉన్నదో నిమిష నిమిషానికి తెలిసినది కంపెనీకి. ఏపీ పలక గల బండికి కాచిగూడ నుండి తార్నాక ట్రిప్పు ఇచ్చినది కంపెనీ. ఛార్జీలో వాటా తీసికొన్నది కంపెనీ. ఆ సెక్షను దానికి ఎందుకు వర్తించరాదో రవాణా శాఖ చెప్పవలెను.

ఇంగ్లండులో ఈ చిక్కు మనకన్న ముదిరినది. అక్కడి 1976 చట్టం ప్రకారం డ్రైవరు, వాహనం, ఆపరేటరు ముగ్గురికి లైసెన్సు ఒకే స్థానిక కౌన్సిలు నుండి ఉండవలెను. 2015 సడలింపు చట్టంతో ఒక కౌన్సిలు పరిధిలోని ఆపరేటరు తన బుకింగును మరొక కౌన్సిలు ఆపరేటరుకు అప్పగించు వీలు కలిగినది. డ్రైవర్లు సులభంగా దొరకు చోట లైసెన్సు పొంది వేరొక నగరంలో తిరుగుట పెరిగినది. వుల్వర్‌హాంప్టన్ నగరం పేరు దీనికే ప్రసిద్ధమైనది. బండి తిరుగు ఊరి కౌన్సిలుకు ఆ లైసెన్సును రద్దు చేయు అధికారం లేదు. 2025 జూన్‌లో బాలికలపై జరిగిన అత్యాచారాల మీద నివేదిక సమర్పించిన లూయీజ్ కేసీ, ఇట్టి పరిధి దాటిన ట్యాక్సీలకు స్వస్తి చెప్పవలెనని సిఫారసు చేసినారు. అధికారం ఒక చోట, బండి మరొక చోట ఉన్నచో నష్టపోవునది ఎక్కినవారు కూడ.

ఇది మనకు సంబంధం లేని విషయమని రైల్వే, తపాలా సోదరులు భావించరాదు. రాత్రి డ్యూటీ ముగించుకొని టికెట్ కౌంటరు నుండి, సార్టింగ్ ఆఫీసు నుండి ఇంటికి చేరు మన సోదరీమణులు ఎక్కునవి ఈ బండ్లే. పర్మిట్టు లేని వాహనం ప్రమాదం చేసిన కేసులో, బీమా కంపెనీ పరిహారం చెల్లించి దానిని యజమాని నుండి వసూలు చేసుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2018లో చెప్పినది. పర్మిట్టు తగవు అదే తోవ పట్టినచో ఆ యజమాని మన నూజివీడు డ్రైవరే. పైగా, విభజననాడు కోస్తా జిల్లాల నుండి వచ్చిన సార్టరును, గార్డును వెళ్లిపొమ్మని అనరాదని మన శాఖలు నిలబడినవి. ఆ మాట డ్రైవరు విషయంలో మరచుట తగదు.

పొరుగు బండ్లను యథేచ్ఛగా తిరుగనిమ్మని నేననను. పరిమితి ఉండవలసినదే. ఏడాది దాటి ఇక్కడ పని చేయుచున్నవారికి ఒక్కసారి గడువిచ్చి, అక్కడ కట్టిన పన్నును లెక్కలో వేసుకొని, నంబరు మార్చుకొననీయవలెను. అటుపై స్థానిక పర్మిట్టు లేని బండికి నగరంలో ట్రిప్పు ఇచ్చిన కంపెనీ నుండి, ట్రిప్పుకు ఇంత అని జరిమానా వసూలు చేయవలెను. 2025 జులై 1న కేంద్రం వెలువరించిన మార్గదర్శకాలు సొంత వాహనం గల డ్రైవరుకు ఛార్జీలో కనీసం 80 శాతం దక్కవలెనని చెప్పినవి. దానిని అమలు జరిపించుటలో రెండు రాష్ట్రాల డ్రైవర్లకు ఒకే ప్రయోజనం ఉన్నది.

వారు ఒకచోట కూర్చుండుటకు స్థలం కావలెను. సికిందరాబాదు శాఖ కార్యాలయంలోని మేడమీది గది ఆదివారం ఉదయం ఖాళీగా ఉండును. రాబోవు కార్యవర్గ సమావేశంలో ఆ గదిని ఇరువురి సంఘాలకు ఇచ్చుటకు తీర్మానం ప్రతిపాదించుచున్నాను. బలపరచు మిత్రులు ముందుగా తెలుపగలరు.