ప్రశ్నకు తావుంటేనే ధర్మబోధ

హిందూ కుటుంబాల పిల్లలకు తమ మతం గురించి ఏమీ తెలియడం లేదన్న ఆవేదన తరచు వినవస్తున్నది. పండుగ ఎందుకు చేసుకుంటారో, ఇంట్లో నిత్యం వెలిగే దీపానికి అర్థమేమిటో చెప్పగలిగిన పిల్లలు అరుదైపోతున్నారని పెద్దలు వాపోతున్నారు. ఈ ఆవేదనలో నిజం లేకపోలేదు. అయితే నేరాన్ని పిల్లలపైకి నెట్టి పెద్దలు తప్పుకోజాలరు. చెప్పేవారే కరవైనప్పుడు వినేవారు ఎక్కడినుంచి వస్తారు? ఈ లోటును ఎవరు పూడ్చాలి, ఎలా పూడ్చాలి అని ఆలోచించేవారు ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ చరిత్రను ఒకసారి పరికించడం ఉపయుక్తం.

కలకత్తా న్యాయవాది విశ్వనాథ దత్తా వృత్తిరీత్యా రాయ్‌పూర్‌లో ఉంటూ 1877లో కుటుంబాన్ని అక్కడికి రప్పించుకున్నారు. అడవుల గుండా చాలా దూరం ఎడ్లబండ్లపై సాగిన ఆ ప్రయాణంలో ఆయన కుమారుడు, పధ్నాలుగేళ్ల నరేంద్రుడు ఉన్నాడు. ఆనాటి రాయ్‌పూర్‌లో ఆ బాలుడు చదువదగిన పాఠశాల లేదు. అందువల్ల తండ్రే గురువయ్యారు. ఇంటికి వచ్చే పండితుల చర్చల్లో కుమారుణ్ణి కూర్చోబెట్టి, అభిప్రాయం చెప్పనిచ్చి, వాదించనిచ్చి బుద్ధికి పదును పెట్టారు. 1879లో కుటుంబంతో కలకత్తాకు తిరిగి వెళ్లిన ఆ బాలుడే 1893లో చికాగో సర్వమత మహాసభలో ప్రసంగించిన స్వామి వివేకానంద. రాయ్‌పూర్ విమానాశ్రయానికి 2012లో ఆయన పేరు పెట్టారు. ‘మీరు దేవుణ్ణి చూశారా?’ అని రామకృష్ణ పరమహంసను సూటిగా నిలదీసిన యువకుడు ఆయనే. ప్రశ్నించే ఆ ధైర్యానికి రాయ్‌పూర్ ఇంటి చదువు దోహదం చేసిందనడం అతిశయోక్తి కాదు.

తెలుగువారికి రాయ్‌పూర్‌తో ఇంతకంటే పాత అనుబంధమే ఉంది. నగరానికి చేరువలోని చంపారణ్యం వల్లభాచార్యుల జన్మస్థలం. కాశీలో కల్లోల భయంతో దక్షిణానికి తరలిపోతున్న తెలుగు వైదిక దంపతులు లక్ష్మణ భట్టు, ఇల్లమ్మగారులకు ఆయన 1479లో అక్కడి అడవిలో జన్మించారని సంప్రదాయం చెబుతున్నది. ఆయన స్థాపించిన పుష్టిమార్గానికి గుజరాత్, రాజస్థాన్‌లలో అసంఖ్యాక అనుయాయులున్నారు. చంపారణ్యానికి ఏటా తరలివచ్చే యాత్రికుల్లో గుజరాతీలే అధికం. తెలుగు ఇంట పుట్టిన ఆ ఆచార్యుని పేరు తెలుగు పిల్లల్లో ఎందరు విన్నారన్నది పెద్దలు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న.

ధర్మం ఒకప్పుడు పాఠ్యపుస్తకం ద్వారా రాలేదు, కథగా వచ్చింది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తొమ్మిది రోజులు సాగే నవధా రామాయణ గానం, తంబురా పట్టి భారతకథను పాడి ఆడే పండవాని ఇందుకు నిదర్శనాలు. పండవాని గాయని తీజన్ బాయి బడి చదువు లేకుండానే, మాతామహుని నోట విని భారతకథను కంఠస్థం చేశారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట, పోతన పద్యం, వేమన శతకం తెలుగునాట ఈ పనినే నిర్వహించాయి. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, అమ్మమ్మ ఒక ఊర, మనుమడు ఒక ఊర మిగిలిన నేడు ఆ ప్రవాహం సన్నగిల్లింది. ఆ ఖాళీని టెలివిజన్, చేతిలోని ఫోను ఆక్రమించాయి. అక్కడ కథ కంటే నినాదం, వివేకం కంటే ఆవేశం ముందుగా చేరుతున్నాయి. మతం గురించి ఏమీ తెలియని యువకునికి మతం పేరిట దేన్నైనా నమ్మించవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఈ బాధ్యతను ప్రభుత్వ పాఠశాలలకు అప్పగించాలన్న వాదన ఉంది. కానీ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ చేయరాదని రాజ్యాంగం 28వ అధికరణ శాసిస్తున్నది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థల్లోనూ విద్యార్థి సమ్మతి, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేనిదే ఎవరినీ మతబోధకు హాజరు కమ్మని నిర్బంధించరాదు. మతబోధ వేరు, మతాల గురించిన విజ్ఞానం వేరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ బుద్ధుడు, శంకరుడు, ఏసు, మహమ్మద్, కబీరు, నానక్ వంటి మహనీయుల జీవితాలను విద్యార్థులకు బోధించాలని సూచించింది. మతాల గురించి చదవడం రాజ్యాంగ విరుద్ధం కాదని అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాగా భక్తిని, ఆచారాన్ని నేర్పే పని ఇంటిదే, ఆలయానిదే. దాన్ని ప్రభుత్వం చేతికి అప్పగిస్తే రేపు అధికారంలోకి వచ్చే ప్రతి పార్టీ తనకు నచ్చిన ధర్మాన్ని పిల్లల నెత్తిన రుద్దగలదు.

బోధించేటప్పుడు చేదు నిజాలను దాచడం మరొక పొరపాటు. నాటి రాయ్‌పూర్ ప్రాంతంలోని గిరౌద్‌పురిలో 1756లో జన్మించిన గురు ఘాసీదాస్ మనుషులంతా ఒక్కటేనని చాటి సత్‌నామీ పంథాను నెలకొల్పారు. ఆలయ ప్రవేశానికి నోచుకోని రామ్‌నామీలు రామనామాన్ని దేహమంతటా పచ్చబొట్టుగా పొడిపించుకున్నారు. గుడి తలుపు మూసినవారిది ధర్మమా, రామనామాన్ని చర్మంపై మోసినవారిది ధర్మమా అని పిల్లవాడు అడిగితే పెద్దలు తడుముకోకూడదు. కులవివక్షను కప్పిపుచ్చే ధర్మబోధ ఇంటి గడప దాటగానే వీగిపోతుంది. తప్పును తప్పని ఒప్పుకొని, దానిని ఎదిరించిన సంత్‌ల వాణిని కూడా ఆ ధర్మంలో భాగంగా చెప్పినప్పుడే యువతరం నమ్ముతుంది.

చేయవలసిన పని అసాధ్యమేమీ కాదు. రాయ్‌పూర్‌లో వివేకానంద ఆశ్రమాన్ని నెలకొల్పిన స్వామి ఆత్మానంద 1985లో నారాయణ్‌పూర్‌లో అబూజ్‌మఢ్ గిరిజన బాలల కోసం సేవాకేంద్రాన్ని ప్రారంభించారు. ఆయన దృష్టిలో ధర్మప్రచారమంటే చదువు, వైద్యం, సేవ. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో ప్రారంభించిన ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలకు ఆయన పేరే పెట్టారు. తెలుగునాట తిరుమల తిరుపతి దేవస్థానానికి హిందూ ధర్మ ప్రచార పరిషత్తు, వేద పాఠశాలలు ఉన్నాయి. అయితే వేదాధ్యయనం కొద్దిమందికే సాధ్యం. మిగిలిన పిల్లలకు వారానికి ఒక గంట, ఒక కథ, ఒక పద్యం, ఆ తరువాత అడిగిన ప్రశ్నకు ఓపికగా సమాధానం లభిస్తే చాలు. ఆదాయం గల ప్రతి ఆలయం తన ప్రాంగణంలో కులభేదం లేకుండా ఈ ఏర్పాటు చేయవచ్చు. గోపురాలకు, కల్యాణమండపాలకు వెచ్చించే ధనంలో కొంత భాగం ఇందుకు సరిపోతుంది. హరికథ, బుర్రకథ కళాకారులకూ దీనివల్ల ఉపాధి లభిస్తుంది. రాయ్‌పూర్, భిలాయ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇలాంటి తరగతులు మాతృభాషను కూడా నిలబెడతాయి.

బట్టీ పట్టించిన శ్లోకం పరీక్ష పూర్తికాగానే మరపున పడుతుంది. భయపెట్టి నేర్పిన ఆచారం ఊరు మారగానే జారిపోతుంది. తన మతాన్ని అర్థం చేసుకున్న పిల్లవాడే పొరుగువాని మతాన్ని గౌరవించగలుగుతాడు. పిల్లవాని ప్రశ్నను ధిక్కారంగా భావించే ఇల్లు తన ధర్మాన్ని తానే పోగొట్టుకుంటుంది. పెద్దలు ఈ సత్యాన్ని ఎంత త్వరగా గ్రహిస్తే అంత మేలు.